బీఈడీ మంచిచెడ్డలు తేలేది ఏ గదిలో?

ఎడ్‌సెట్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి కౌన్సెలింగ్ ముగిసేదాకా మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్లలో ఒకే మాట నడుస్తుంది. "మా అమ్మాయికి బీఈడీ సీటు వచ్చేటట్టుంది మేస్టారూ, ఏ కాలేజీ పెట్టుకోమంటారు?" రాజాంలో అడుగుతారు. టెక్కలిలో అడుగుతారు. గజపతినగరం స్టేషన్లో రైలు దిగుతుంటే అడుగుతారు. అడిగే తల్లిదండ్రుల్లో చాలామంది తమ ఇంట మొదటి డిగ్రీని ఈ మధ్యనే కళ్లజూసినవాళ్లు. జీడితోట మీదో, జూట్ మిల్లు జీతం మీదో, వలస వెళ్లిన కొడుకు పంపిన డబ్బు మీదో ఆ అమ్మాయి చదువు ఇంతవరకూ వచ్చింది. అందుకే ఆ ప్రశ్నకు ఏదో ఒక కాలేజీ పేరు చెప్పేసి తప్పుకోవడం న్యాయం కాదు. ఈ పూట ఆ ప్రశ్న గురించే మీతో మాట్లాడదామని వచ్చాను.

నా జవాబు ముందే చెప్పేస్తాను. రేడియోలో పేజీ వెనక్కి తిప్పడం కుదరదు కనుక మధ్యమధ్యలో మళ్లీ చెబుతాను, విసుక్కోకండి. ఒక బీఈడీ కోర్సు మంచిదో కాదో ఆ కాలేజీ భవనంలో తెలియదు. అక్కడ చదివే అమ్మాయి టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్లిన బడిలో తెలుస్తుంది. ఆ బడిలో పాఠం అర్థం కాని ఒక పిల్లవాడు ఉంటాడు. వాడి ముందు ఆమె ఏం చేస్తోందో చూడండి. కోర్సు మంచిచెడ్డలు అక్కడ తేలతాయి.

ముందు ఈ చదువు ఎవరి చేతుల్లో ఉందో చూద్దాం. ఎచ్చెర్లలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. 2008లో అది విశ్వవిద్యాలయమైంది. అంతకుముందు అక్కడ ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటరు ఉండేది. శ్రీకాకుళం జిల్లా బీఈడీ కాలేజీలకు సిలబస్ ఇచ్చేది, పరీక్ష పెట్టేది, చివరికి పట్టా చేతికిచ్చేది ఆ విశ్వవిద్యాలయమే. విజయనగరం వైపు కాలేజీలు చాలాకాలం ఆంధ్రా విశ్వవిద్యాలయం కింద నడిచాయి. కాలేజీ తెరవడానికి గుర్తింపు మాత్రం ఎన్‌సీటీఈ ఇవ్వాలి. అంటే ఢిల్లీలో ఉండే జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి. గ్రేడు కావాలంటే బెంగళూరులోని న్యాక్ వాళ్లు రావాలి. ఇక టీచింగ్ ప్రాక్టీసు జరిగే బడి ఉందే, అక్కడ మాట డీఈవోగారిది, హెడ్మాస్టరుగారిది.

చూడండి, సిలబస్ ఒకరిది. గుర్తింపు ఒకరిది. గ్రేడు ఒకరిది. బడి ఇంకొకరిది. ఇంతమంది చూస్తున్నారు కదా, అంతా సక్రమంగానే ఉంటుందనుకుంటాం. కానీ ఛాత్రోపాధ్యాయురాలు పాఠం చెప్పే ఆ గది ఎవరి ఫైల్లోకీ పూర్తిగా రాదు. ఎవరి ఫైల్లో వాళ్లకు కావలసిన కాగితం ఉంటుంది. నా బాధంతా అదే.

కాగితం మీద మన నియమాలు తక్కువవేమీ కావు. పూర్వం బీఈడీ ఒక్క ఏడాదే. 2014లో ఎన్‌సీటీఈ కొత్త నిబంధనలు తెచ్చాక, 2015 నుంచి రెండేళ్లయింది. ఎందుకు పెంచారు? మిగతా కారణాలు ఎన్నున్నా, బడిలో గడిపే కాలం పెరగాలన్నది ముఖ్యమైన కారణం. ఆ రెండేళ్లలో 20 వారాలు బడిలో ఉండాలన్నారు. దాదాపు ఐదు నెలలు. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి, ఐదు నెలలు. ఇంటర్న్‌షిప్‌లో నూటికి 90 రోజులు హాజరుండాలన్నారు. ఏటా 100 మందిని చేర్చుకునే కాలేజీలో ప్రిన్సిపాల్‌తో కలిపి 16 మంది పూర్తికాలం అధ్యాపకులు ఉండాలన్నారు. అందులో బొమ్మలు నేర్పడానికి ఒకరు, పాటా నాటకం నేర్పడానికి ఒకరు, ఆటలకు ఒకరు ఉండాలని కూడా రాశారు. నాకు ఆ నిబంధన చదివినప్పుడు ఎంతో సంతోషం కలిగింది. పాట రాని టీచరు ఒకటో తరగతి పిల్లలనైనా, పదో తరగతి పిల్లలనైనా చివరి పీరియడులో కూర్చోబెట్టలేదు.

ఐదు నెలలు ఒకే బడిలో ఉంటే మనిషికి ఆ బడి తెలుస్తుంది. నాట్ల రోజుల్లో ఏ పిల్ల బడి మానేస్తుందో తెలుస్తుంది. సంక్రాంతికి ఊరొచ్చిన తల్లిదండ్రులు తిరిగి విజయవాడకో, హైదరాబాదుకో పనులకు వెళ్లేటప్పుడు ఎవర్ని వెంట తీసుకుపోతారో, ఎవర్ని అమ్మమ్మ దగ్గర వదిలేస్తారో తెలుస్తుంది. తీరంలోనైతే, వేటకు గుజరాత్ వెళ్లిన తండ్రి దగ్గర్నుంచి ఫోను రాని వారం ఆ కుర్రాడు పుస్తకం తెరవడని తెలుస్తుంది. ఇవి ఏ సిలబస్‌లోనూ ఉండవు. బడిలో ఉంటేనే వస్తాయి.

అదే ఐదు నెలలు హాజరు పుస్తకంలో మాత్రమే గడిచిపోతే?

ఇది నా ఒక్కడి అనుమానం కాదు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లో మన దేశపు ఉపాధ్యాయ విద్య మీద నివేదిక ఇచ్చింది. 2020 నాటి జాతీయ విద్యా విధానం ఆ కమిషన్‌ను ప్రస్తావిస్తూ చాలా కఠినమైన సంగతి రాసింది. దేశంలో ఉపాధ్యాయ శిక్షణ ఒక్కటే నడుపుకునే విడి సంస్థలు 10 వేలకు పైగా ఉన్నాయట. వాటిలో ఎక్కువ భాగం శిక్షణ ఇచ్చే ప్రయత్నమైనా చేయడంలేదట. వెలకట్టి పట్టాలు అమ్ముతున్నాయట. ఈ మాట అన్నది సాక్షాత్తూ ప్రభుత్వ విధాన పత్రం. మన రాష్ట్రంలో కూడా కాలేజీకి రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు అనే బేరాల గురించి పత్రికల్లో చదువుతూనే ఉన్నాం.

అన్ని కాలేజీలూ అలాంటివని నేను అనను. నిబద్ధతతో పనిచేసే అధ్యాపకులు మన రెండు జిల్లాల్లోనూ ఉన్నారు. చాలీచాలని జీతంతో, పర్మనెంటు కాని ఉద్యోగంతో, ఇద్దరు చేయాల్సిన పని ఒక్కరే చేస్తున్నవాళ్లు ఉన్నారు. మంచి కాలేజీనీ చెడ్డ కాలేజీనీ ఒకే గాటన కట్టేస్తే ముందు నష్టపోయేది వాళ్లే. వాళ్ల పని వేరుగా కనబడాలి. అది కనబడాలంటే సరైన చోట చూడాలి.

రండి, ఒక తరగతి గదిలోకి వెళదాం.

ఆరో తరగతి. లెక్కల పీరియడు. దశాంశ భిన్నాలు. బోర్డు మీద రెండు సంఖ్యలున్నాయి. ఒకటి, సున్నా పాయింటు ఐదు. రెండోది, సున్నా పాయింటు మూడు ఐదు. ఏది పెద్దదర్రా అని అడిగింది ఛాత్రోపాధ్యాయురాలు. వెనక బెంచీలోంచి ఒక గుంటడు లేచాడు. "రెండోది టీచర్." ఎందుకు? "ముప్పై అయిదు పెద్దది కదేటి, అయిదు కన్నా."

జవాబు తప్పే. కానీ తెలివితక్కువ జవాబు కాదు. ప్రపంచంలో ఏ దేశంలోనైనా ఆ వయసు పిల్లలు ఇదే పొరపాటు చేస్తారు. మామూలు సంఖ్యల్లో తాను నేర్చుకున్న న్యాయాన్ని వాడు ఇక్కడ కూడా వాడాడు. వాడి తర్కం వాడికుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి ఏం చేస్తుంది? ఒకామె అయితే "తప్పు, కూర్చో, నువ్వు చెప్పు" అని పక్క పిల్లను లేపుతుంది. పాఠం ముందుకు నడుస్తుంది. వాడి మనసులో మాత్రం ముప్పై అయిదే పెద్దది. ఇంకొకామె సూత్రం చెబుతుంది. "వెనక ఒక సున్నా చేర్చు, యాభై అవుతుంది, ఇప్పుడు పోల్చు" అంటుంది. వాడు సున్నా చేరుస్తాడు. ఎందుకు చేర్చాలో తెలియదు. పరీక్షలో మార్కు వస్తుంది.

మూడో ఆమె సంచీలోంచి టైలరు టేపు తీసింది. రిబ్బను ముక్క తీసింది. "అర మీటరు కత్తిరించు నాయనా" అంది. కత్తిరించాడు. "ఇప్పుడు ముప్పై అయిదు సెంటీమీటర్లు కత్తిరించు." అదీ కత్తిరించాడు. రెండూ పక్కపక్కన పెట్టాడు. తల గోక్కున్నాడు. "అయితే పాయింటు తరవాత మొదటి అంకే ముందు సూడాలి కదా టీచర్" అన్నాడు. ఆమె అక్కడితో ఆగలేదు. బోర్డు మీద ఇంకో జత రాసింది. సున్నా పాయింటు నాలుగు, సున్నా పాయింటు రెండు ఏడు ఐదు. వాడికి నిజంగా బోధపడిందో లేదో ఆ జతతో తేలుతుంది.

ముగ్గురికీ డిగ్రీలో లెక్కలు వచ్చు. ముగ్గురి రికార్డులూ అందంగా ఉంటాయి. ముగ్గురూ బీఈడీ పరీక్షలో ఫస్టు క్లాసే కావచ్చు. తేడా ఎక్కడ బయటపడింది? ఆ గదిలో, ఆ కుర్రాడి ముందు. ఇందాక చెప్పిన మాట ఇదే.

అమెరికాలో లీ షుల్మన్ అనే విద్యావేత్త 1986లో ఈ సంగతిని స్పష్టంగా విడదీసి చెప్పాడు. టీచరుకు సబ్జెక్టు తెలియాలి, సరే. పాఠం నడిపే పద్ధతి తెలియాలి, సరే. వీటికి తోడు, ఈ సబ్జెక్టులో ఈ పాఠం దగ్గర పిల్లలు ఎక్కడ తట్టుకుని పడతారో తెలియాలి. లెక్కల ఎమ్మెస్సీ చదివినవాళ్లకు కూడా ఈ మూడోది దానంతటది రాదు. దాన్ని నేర్పడానికే బీఈడీ ఉంది. మెథడాలజీ క్లాసు ఉన్నది అందుకే. దాన్ని నేర్పని కోర్సు ఎన్ని సెమిస్టర్లు నడిచినా మనకు పనికొచ్చే టీచరును ఇవ్వదు.

ఇంకో సంగతి. ఆ పాఠం జరుగుతున్నప్పుడు వెనక బెంచీలో ఎవరున్నారు? కాలేజీ నుంచి వచ్చిన లెక్చరరు ఉన్నారా? గంటసేపూ కూర్చున్నారా, వరండాలో నిలబడి వెళ్లిపోయారా? నేను హైస్కూలు హెడ్మాస్టరుగా ఉన్న కాలంలో ఏటా ఛాత్రోపాధ్యాయులు వచ్చేవారు. వాళ్ల అబ్జర్వేషన్ పుస్తకాలు తిరగేసేవాణ్ని. చాలా పుస్తకాల్లో ఒకే రకం వాక్యాలు. బోర్డు పని బాగుంది. గొంతు ఇంకా పెంచాలి. చార్టు ఆకర్షణీయంగా ఉంది. ఇరవై పాఠాలకూ అవే. పిల్లల ఊసే ఉండదు.

ఒక కాలేజీ నుంచి వచ్చే మేడమ్ పుస్తకం మాత్రం వేరుగా ఉండేది. పాఠం అయ్యాక ఆవిడ ఆ అమ్మాయిని స్టాఫ్‌రూములో పక్కన కూర్చోబెట్టుకుని మొదట ఒకటే అడిగేవారు. "ఆ అబ్బాయి అలా ఎందుకన్నాడంటావమ్మా?" అంతే. అమ్మాయి మొదటివారం జవాబు చెప్పలేకపోయేది. నెల తిరిగేసరికి మేడమ్ అడక్కుండానే చెప్పేది. రెండో నెలలో మా సొంత టీచర్లు కూడా ఆ సంభాషణ వినడానికి కుర్చీ దగ్గరికి లాక్కునేవారు. శిక్షణ అంటే నాకు ఇప్పటికీ ఆ స్టాఫ్‌రూమే.

దీనికి ఎదురుగా ఫైనల్ లెసన్ ఉంది. ఎక్స్‌టర్నల్ వస్తారు. చార్టులు కొత్తవి. అమ్మాయి పట్టుచీర. పిల్లలకు ప్రశ్నలు ముందే తెలుసు, జవాబులూ ముందే తెలుసు. చేతులన్నీ ఒక్కసారే లేస్తాయి. ఆ రోజు ఎవరూ తప్పు చెప్పరు. తప్పు చెప్పేవాళ్లను ఆ రోజు వెనక్కి నెట్టేస్తారు కూడా. పిల్లవాడు తప్పు చెప్పని పాఠాన్ని చూసి టీచరుకు మార్కులు ఎలా వేస్తాం? విశ్వవిద్యాలయాలు ఈ ఒక్క పద్ధతిని మార్చినా చాలా మారుతుంది. ఎక్స్‌టర్నల్ ఒక్కరోజు పండక్కి రావడం మాని, మామూలు రోజుల్లో ముందుగా చెప్పకుండా రెండుసార్లు రావాలి. మామూలు చీరలో, మామూలు పాఠంలో చూడాలి.

తరగతిలో పాఠం విని చూడాలన్నది మన గడ్డకు కొత్త పాఠం కాదు. 1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర మన ఉత్తర కోస్తా జిల్లాలకు బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. బడులు చూశాడు. చిన్న తరగతుల్లో పంతుళ్లు తెలుగు చెప్పే తీరు ఆయనకు అంతుపట్టలేదు. పిల్లలు ఇంట్లో, వీధిలో మాట్లాడే తెలుగు ఒకటి. పుస్తకంలో ఉన్న తెలుగు ఇంకొకటి. ఎందుకిలా అని విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగాడు. దీనికి జవాబు చెప్పగలవాళ్లు విజయనగరంలో గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి అని ఆయన చెప్పారు. ఆ తరవాత జరిగింది చరిత్ర. వ్యావహారిక భాషోద్యమం అని మనం గొప్పగా చెప్పుకునే ఉద్యమానికి ఒక మొదలు బడి తనిఖీలో ఉందన్నమాట. యేట్స్ రిజిస్టరు చూసి సంతకం పెట్టి వెళ్లిపోయి ఉంటే ఆ ప్రశ్న పుట్టేది కాదు. పాఠం విన్నాడు కనుక పుట్టింది.

ఇక గిడుగువారి సంగతి. వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరారు. అక్కడి కొండల్లో సవరలు అనే గిరిజనులు ఉండేవారు. వాళ్ల పిల్లలకు చదువు చెప్పాలనుకున్నారు. చెప్పాలంటే ముందు వాళ్ల మాట తనకు రావాలి కదా. సవర భాష మన తెలుగుకు చుట్టమైనా కాదు, ముండా కుటుంబానికి చెందినది. నేర్చుకోవడానికి పుస్తకం లేదు, బడి లేదు. సవర భాష వచ్చిన మనిషి సాయంతో ఇంట్లో కూర్చుని నేర్చుకున్నారు. ఏళ్లు పట్టింది. ఆ భాషలో పిల్లలకు వాచకాలు రాశారు. సవరల కోసం బడులు పెట్టించారు. తరవాత వ్యాకరణం రాశారు, 1938లో సవర నిఘంటువు కూడా అచ్చయింది. ఆయనకు బీఈడీ పట్టా లేదు. కానీ బీఈడీలో నేర్పవలసినదంతా ఆయన చేసి చూపించారు. పిల్లవాడు ఎక్కడున్నాడో అక్కడికి పంతులు నడిచి వెళ్లాలి, అదే ఆ పని.

ఇప్పుడు ఇవాళ్టి సీతంపేటకు రండి. గుమ్మలక్ష్మీపురం రండి, కురుపాం రండి. సవర పిల్లలున్నారు, జాతాపు పిల్లలున్నారు, గదబ పిల్లలున్నారు. ఇచ్ఛాపురం, మందస వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలున్నారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో బడి చదువు మొదలుపెడితే, అందులో సవర కూడా ఒకటి. అంటే అవసరం ప్రభుత్వానికి తెలుసు. మరి ఈ పిల్లల మధ్యకు వెళ్లబోయే టీచర్లను తయారుచేసే కోర్సు వాళ్లను ఎంత పట్టించుకుంటోంది? మన ప్రాంతపు బీఈడీ విద్యార్థి తన రెండేళ్లలో ఒక్క నెలైనా ఏజెన్సీ బడిలో గడుపుతోందా? సవరలో పది మాటలైనా నేర్చుకుంటోందా? 2019లో విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కూడా వచ్చింది. ఎచ్చెర్ల విశ్వవిద్యాలయం, ఈ గిరిజన విశ్వవిద్యాలయం, సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏలు, అంటే గిరిజనాభివృద్ధి సంస్థలు, కలిసి కూర్చుంటే ఆ నెల రోజుల ఏర్పాటు పెద్ద కష్టం కాదు. మన బీఈడీ ఎలా ఉందో బేరీజు వేయడానికి వచ్చేవాళ్లు ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగాలని నా కోరిక.

కొండ మీదికి వెళ్లక్కర్లేదు, మైదానంలోనూ ఇదే. మన పిల్లలు "నేదు" అంటారు, "సెప్పినాను" అంటారు. అది విని తరగతి అంతా నవ్వేలా చేసే టీచరుంటే ఆ పిల్ల మళ్లీ నోరు విప్పదు. నోరు విప్పని పిల్లకు ఏది అర్థమైందో, ఏది కాలేదో టీచరుకు ఎప్పటికీ తెలియదు.

సరే, తల్లిదండ్రులు సాధారణంగా దేన్ని చూసి కాలేజీ ఎంచుకుంటారు? మొదటిది, ఫ్లెక్సీ. మా కాలేజీ నుంచి డీఎస్సీలో ఇంతమంది అని ఫొటోలు. 2025 మెగా డీఎస్సీలో 16,347 టీచరు పోస్టులు పడ్డాయి. అన్ని ఉద్యోగాలు ఒక్కసారి వస్తే ఏ ఇంట్లోనైనా ఆశ పుడుతుంది, తప్పు లేదు. కానీ డీఎస్సీ ఎలా జరుగుతుంది? కంప్యూటరు ముందు కూర్చుని నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. పిల్లవాడి ముందు నిలబెట్టి చూడరు. దానికోసం మన పిల్లలు పట్టా వచ్చాక ఏడాదో, రెండేళ్లో కోచింగుకు వెళుతున్నారు. అవనిగడ్డ దాకా వెళ్లి గది అద్దెకు తీసుకుని చదువుతున్నారు. ఆ ర్యాంకులో ఆ పిల్ల కష్టం ఉంది, కోచింగ్ సెంటరు పాలుంది. బీఈడీ కాలేజీ పాలు ఎంతో ఎవరు చెప్పగలరు? కాబట్టి ఫ్లెక్సీ చూసి కాలేజీని కొలవకండి.

సందర్భం వచ్చింది కనుక ఒక హెచ్చరిక. బీఈడీ చేస్తే ఎస్జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచరు పోస్టుకు కూడా రాయొచ్చు అని ఎవరైనా చెబితే నమ్మకండి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఒకటి నుంచి ఐదు తరగతులు చెప్పడానికి బీఈడీ అర్హత కాదు. దానికి డీఈడీ ఉంది. మళ్లీ చెబుతున్నాను, బీఈడీతో ఎస్జీటీ లేదు.

తల్లిదండ్రులు చూసేవాటిలో రెండోది, ఉత్తీర్ణత శాతం. బీఈడీలో తప్పేవాళ్లు ఎందరు? దాంతో ఏమీ తేలదు. మూడోది చాలామంది విద్యావేత్తలు కూడా అనేమాట. అక్కడ చదివిన టీచర్ల దగ్గర పిల్లలకు ఎన్ని మార్కులొచ్చాయో చూసి కాలేజీకి విలువ కడదాం అంటారు. వినడానికి బాగుంది. అమెరికా ప్రభుత్వం 2016లో అలాంటి నిబంధన తెచ్చింది, మరుసటి ఏడాదే వాళ్ల పార్లమెంటు దాన్ని కొట్టేసింది. మన దగ్గర అలా చేస్తే ఏమవుతుంది? ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో తండ్రి మంచాన పడిన ఇంటి పిల్లకూ, విశాఖపట్నంలో ట్యూషన్ పెట్టించుకున్న పిల్లకూ ఒకే కొలత పెట్టినట్టవుతుంది. కష్టమైన బడికి వెళ్లిన టీచరే చెడ్డ టీచరుగా తేలుతుంది. అప్పుడు ఆ బడికి ఎవరు వెళతారు?

కోర్సు కాలం పెంచితే బాగుపడుతుందా అని మీరు అడగొచ్చు. ఏడాది కోర్సు చూశాం, రెండేళ్ల కోర్సు చూస్తున్నాం. 2030 నాటికి నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఈడీయే కనీస అర్హత కావాలని జాతీయ విద్యా విధానం అంటోంది. నాలుగేళ్ల కోర్సు మనకు కొత్తేమీ కాదు. మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ 1963లో మొదలైంది, అక్కడ అలాంటి కోర్సు చాలా కాలంగా నడుస్తోంది. అయితే అక్కడి అసలు బలం నాలుగేళ్లలో లేదు. ఆ ప్రాంగణంలోనే ఒక బడి ఉంది. మెథడాలజీ చెప్పే అధ్యాపకుడు ఉదయం చెప్పిన మాటను మధ్యాహ్నం పిల్లల మధ్య పరీక్షించి చూసుకోవచ్చు. ఫిన్లండ్‌లోనూ విశ్వవిద్యాలయాలు తమ సొంత బడులు నడుపుతాయి. మన విశ్వవిద్యాలయాలకు సొంత బడి పెట్టే స్తోమత లేకపోవచ్చు. చుట్టుపక్కల ఊళ్లలో జిల్లా పరిషత్ హైస్కూళ్లున్నాయి కదా. వాటిలో రెంటిని తమవిగా అనుకుని, ఏడాది పొడవునా అధ్యాపకులు వెళ్లి పాఠాలు చెప్పి వస్తే ఎవరు వద్దంటారు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఏ కాలేజీ పెట్టుకోవాలి? అమ్మా, అయ్యా, కాలేజీకి వెళ్లే ముందు ఆ కాలేజీ విద్యార్థులు టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్లే బడికి వెళ్లండి. ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. అక్కడ అటెండరును అడిగినా పర్వాలేదు. కాలేజీ నుంచి లెక్చరర్లు వస్తారా, వస్తే ఎంతసేపు కూర్చుంటారు? పిల్లల్ని అడగండి, పిల్లలు అబద్ధం చెప్పరు. కిందటేడు వచ్చిన కొత్త టీచర్లు ఏం చెప్పారో గుర్తుందా? మీ పేర్లు వాళ్లకు తెలుసా? తరవాత కాలేజీలో చదువుతున్న అమ్మాయిని విడిగా అడగండి. ఈ నెలలో నీ పాఠం ఎవరు చూశారు, చూసి ఏమన్నారు? ఆమె తడుముకోకుండా ఒక మనిషి పేరూ, ఆ మనిషి అన్న మాటా చెబితే, మీ అమ్మాయిని అక్కడ చేర్చండి. భవనం పాతదైనా చేర్చండి. హాజరు గురించి కంగారు పడనక్కర్లేదని ఆఫీసులో ఎవరైనా మీకు ధైర్యం చెబితే మాత్రం అక్కడినుంచి లేచి వచ్చేయండి.

విశ్వవిద్యాలయం పెద్దలకు ఒక విన్నపం. తనిఖీకి వెళ్లినప్పుడు సగం రోజు కాలేజీలో ఉండండి, సగం రోజు బడిలో ఉండండి. పట్టా తీసుకున్న రెండేళ్లకు మీ విద్యార్థులకు ఒక ఉత్తరం రాయండి. వాళ్లలో చాలామంది ప్రైవేటు స్కూళ్లలో తక్కువ జీతాలకు పనిచేస్తుంటారు. మేము నేర్పినదాంట్లో నీకు ఏది పనికొచ్చింది, ఏది నేర్పకుండా వదిలేశాం అని అడగండి. వచ్చిన జవాబులను సిలబస్ కమిటీ ముందు పెట్టండి.

చివరగా నా తోటి హెడ్మాస్టర్లకు. ఛాత్రోపాధ్యాయులు మీ బడికి వచ్చినప్పుడు వాళ్లను సెలవు పెట్టిన టీచరు పీరియడ్లు నింపడానికి వాడుకోకండి. ఫోన్లో ఫొటోలు అప్‌లోడు చేయడానికి కూర్చోబెట్టకండి. ఒక్కొక్కరికి ఒక సెక్షను అప్పగించండి. మీ బడిలో బాగా పాఠం చెప్పే టీచరును ఒకరిని జత చేయండి. వారానికి ఒక పాఠం మీరూ వెనక బెంచీలో కూర్చుని వినండి. ఇంటర్న్‌షిప్ పూర్తయినట్టు సర్టిఫికెట్ మీ దగ్గరికి వస్తుంది. దాంతో పాటు ఒక పేజీ జతచేసి పంపండి. కాలేజీ లెక్చరరు ఎన్నిసార్లు వచ్చారో రాయండి. రాకపోతే రాలేదనే రాయండి. ఆ అమ్మాయి ఏ పిల్లకు ఏది బోధపరిచిందో పేరుతో సహా రాయండి. రోజూ రానివాళ్లకు వచ్చినట్టు సంతకం పెట్టకండి. ఎన్‌సీటీఈ, న్యాక్, విశ్వవిద్యాలయం అందరూ నమ్మేది మీ సంతకాన్నే.